మంచం పక్కన కూర్చున్న మనిషి

ఆమెను బతికించింది మరిది. మొగుడు కాదు. ఆ ఇంట్లో అది తేలిపోయిన విషయం.

చెప్పింది ఆమే. చావు అంచు దాకా వెళ్లి వచ్చిన మనిషి మాటకు ఎవరు ఎదురు చెబుతారు? ఆమె తల్లి విని కళ్లొత్తుకుంది. పక్కింటివాళ్లు విని తలలూపారు. మరిది విని తల దించుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు. కడుపు మండింది మొగుడొక్కడికే.

అతను పాలిష్ మేస్త్రి. తలుపులకు, బల్లలకు, బీరువాలకు లక్క పాలిష్ పెడతాడు. గోళ్లు ఎప్పుడూ గోధుమ రంగులోనే ఉంటాయి. ఎంత తోమినా పోదు. మాట తక్కువ. ఆ తక్కువలోనూ ముప్పాతిక వంతు విసుగు.

ఊపిరితిత్తులకు నిమ్ము చేరి భార్య ఐసీయూలో పడి ఉన్నన్నాళ్లూ లోపలికి వెళ్లే పాసు అతని పేరు మీదే ఉంది. రోగికి ఒక్క మనిషే, సాయంత్రం కాసేపే. ఆ ఒక్క మనిషీ తనే. మరి తమ్ముడు ఆ గదిలోకి ఎలా వచ్చాడు?

రెండే దారులు. తను లేని వేళ చూసి తమ్ముడు దొంగచాటుగా వెళ్లి ఉండాలి. లేదంటే వాడు రాకపోయినా, ఒళ్లు తెలియని స్థితిలో ఆమె మనసే వాణ్ని పిలిపించుకుని ఉండాలి. మొదటిదైతే తమ్ముడి మెడ పట్టుకోవచ్చు. రెండోదైతే ఎవరి మెడ పట్టుకోవాలి?

ఆమె ఇంటికి వచ్చిన రోజు నుంచి అతను ఈ రెంటినీ అన్నంలో రాయిలా నములుతున్నాడు. మింగలేడు, ఉమ్మలేడు.

ఆ ఉదయం గొడవ జావ గిన్నె దగ్గర మొదలైంది.

ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు అది. ఐసీయూ నుంచి బతికి బయటపడ్డవాళ్లను కొన్నాళ్ల తర్వాత పిలిచి, ఊపిరి ఎలా ఉందో, నిద్ర ఎలా పడుతోందో అడుగుతారు. అతను పని మానేసి, స్నానం చేసి, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె మంచం మీద కూర్చుని, అతని అత్తగారు పట్టుకున్న గిన్నెలో చెంచా తిప్పుతూ ఉంది.

"దొర వస్తాడు నాతో. మీరు పనికి పోండి," అంది, కళ్లెత్తకుండా.

దొర అంటే తమ్ముడు. ఇస్త్రీ చొక్కా లేకుండా వీధి మొహం చూడడని ఇంట్లో పెట్టిన పేరు. ఆస్పత్రి వెనక వీధిలో ఒక హోటల్లో, వచ్చేవాళ్లకు గదుల తాళాలిచ్చే బల్ల దగ్గర పని. పెళ్లి కాలేదు. వదిన మంచాన పడ్డాక రోజూ వస్తున్నాడు.

"మొగుణ్ని నేను," అన్నాడు అతను.

"కాదన్నానా?"

అత్తగారు మధ్యలోకి వచ్చింది. పిల్ల ఇంకా తేరుకోలేదని, పంతాలకు ఇది సమయం కాదని, ఆస్పత్రి పని అయ్యాక ఎలాగూ కూతుర్ని తనతో పుట్టింటికి తీసుకుపోతానని, అక్కడ నాలుగు రోజులు కదలకుండా ఉంటే ఒళ్లు అదే కుదుటపడుతుందని చెప్పుకుంటూ పోయింది. బట్టల సంచీ అప్పటికే సగం సర్దేసింది. అతను సంచీ వంక చూశాడు.

"ఎన్నాళ్లకు వస్తావు?" అని భార్యను అడిగాడు.

"చూద్దాం," అంది ఆమె.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఎన్నోసార్లు పుట్టింటికి వెళ్లింది. ఎప్పుడూ తిరిగొచ్చే రోజు చెప్పే వెళ్లింది. ఈ 'చూద్దాం' కొత్తది. ఆ మాటకు అడుగు కనిపించలేదు అతనికి.

కారణం మాత్రం తెలుసు. ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రం, కొట్టు నుంచి నేరుగా వచ్చి అతను మంచం మీద చెయ్యి వేశాడు. ఆమె గోడకు అతుక్కుపోయింది. ఊపిరి అందక ఎగపోసింది. తర్వాత తల్లితో చెప్పింది. ఆస్పత్రిలో ఎవరో తనను బీరువాలో పడుకోబెట్టారట. రెండు చేతులూ కట్టేశారట. పైన వార్నిష్ పూసుకుంటూ పోయారట, సందులన్నీ మూసుకుపోయేదాకా. కేక వేద్దామంటే నోట్లో ఏదో అడ్డం. అందుకని ఆ వాసన సోకితే చాలు, తన ప్రాణం మళ్లీ ఆ బీరువాలోకి పోతుందట.

ఆ రాత్రి నుంచి అతని పక్క వసారాలోకి మారింది.

దొర వచ్చాడు. మనిషి కంటే ముందు సెంటు వచ్చింది. ఆమె చేత్తో జుట్టు సవరించుకోవడం అతను చూశాడు. జావ గిన్నె అవతలికి నెట్టి నిటారుగా కూర్చోవడం చూశాడు. "ఏం వదినా, డాక్టర్లను కంగారు పెట్టడానికి తయారేనా?" అని దొర అంటే ఆమె పెదవి చివర ఒక నవ్వు లేచింది. అదీ చూశాడు. ఆ నవ్వు కోసం తను ఎన్ని పూటలు ఎదురుచూశాడో, వాడికి ఊరికే వచ్చి పడింది.

"నేనూ వస్తున్నా," అన్నాడు. ఎవరూ వద్దనలేదు. రమ్మనీ అనలేదు. ఆటోలో ఆమె మధ్యలో కూర్చుంది, మొహం తమ్ముడి వైపు తిప్పి. అతని వాసన పడదట. అతను ఆ పొద్దున రెండుసార్లు సబ్బు రుద్దుకున్నాడు.

ఆస్పత్రిలో వాళ్లను కూర్చోబెట్టింది చిన్న గది. మంచం లేదు, యంత్రాలు లేవు. నాలుగు కుర్చీలు, ఒక కిటికీ. మాట్లాడింది వయసు మళ్లిన సిస్టర్. ఐసీయూలో పనిచేసే మనిషి కాదు, తర్వాత వచ్చేవాళ్ల కోసమే ఉన్న మనిషి. ఏం గుర్తుందో తోచినట్టు చెప్పమంది. తప్పూ ఒప్పూ లేదంది.

ఆమె చెప్పింది. ఎప్పుడూ ఆరని దీపాలు. కప్పు మీది పలకలు ఒకదాని మీద ఒకటి పాకడం. తన చెవిపోగులు ఎవరు తీసుకోవాలో తెల్లబట్టల వాళ్లు గుసగుసగా పంచుకోవడం. బీరువా. వార్నిష్. కట్టిన చేతులు. చెబుతుంటే ఒక చేతి మణికట్టును ఇంకో చెయ్యి పట్టుకుంది.

సిస్టర్ నవ్వలేదు. ఇలాంటివి తను రోజూ వింటానంది. ఒకాయన తను ఓడలో ఉన్నానని, నర్సులు తనను సముద్రంలో పారేయబోయారని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడట. ఒకావిడకు మంచం కింద రైలు పట్టాలు గుర్తట. మందుల మత్తు, నిద్రలేమి, ఒంట్లో విషజ్వరం, పగలో రాత్రో తెలియకపోవడం. అన్నీ కలిసి అలా చేస్తాయంది.

"చేతికి దొరికిన ముక్కలతో మనసు ఒక కథ కుట్టుకుంటుందమ్మా. ముక్కలు చాలావరకు నిజమే. కుట్టే తేడా."

తర్వాత అడిగింది, మంచివి ఏమైనా గుర్తున్నాయా అని.

ఆమె మొహం తేటపడింది. సాయంత్రాలు ఒక మనిషి వచ్చేవాడంది. మంచం పక్కన కూర్చుని పాదాలు రుద్దేవాడు, చల్లబడ్డాయని. చెవి దగ్గర వంగి మాట్లాడేవాడు. ఆ మనిషి వస్తే బీరువా తలుపు కాస్త తెరుచుకునేది. ఆ సందులోంచే తను ఊపిరి పీల్చుకుందట.

"మా మరిది," అంది. దొర నేల వైపు చూశాడు.

ఈ వివరాలు అతను వినడం ఇదే మొదలు. పాదాలు రుద్దింది తను. అదొక్కటీ తను ఎవరితోనూ అనలేదు, అనాలని తోచలేదు. పెళ్లాం కాళ్లు పట్టానని చెప్పుకోవడం ఏమిటి? ఇప్పుడు అది కూడా వాడి ఖాతాలో పడింది.

"లోపల అందరూ గౌన్లు, మూతికి గుడ్డలు, టోపీలు కదా. మరిది అని ఎలా పోల్చుకున్నావు?" అని సిస్టర్ మామూలుగా అడిగింది.

"వాసన. దొర సెంటు. ఇంకా, గౌను చెయ్యి కింద నీలం చారల చొక్కా కనిపించేది. అది దొరది. జబ్బు పడకముందు నేనే దానికి గుండీ కుట్టాను."

గదిలో కిటికీ ఒకటే ఉంది. అతను దాని వైపు తిరిగాడు.

ఆ చొక్కా తను వేసుకున్నాడు.

మొదటి రోజు అతను కొట్టు నుంచి పరుగున వచ్చాడు, చేతుల నిండా లక్క, బట్టల నిండా స్పిరిట్ కంపు. లోపల ఆమె నోట్లో గొట్టం. ఆమె దాన్ని పీకేసుకోబోతోంది. పీకితే మనిషి దక్కదన్నారు. పట్టుకోండి అన్నారు. అతను రెండు చేతులూ పట్టుకున్నాడు. నర్సు మెత్తటి గుడ్డ పీలికలతో మంచం కడ్డీకి కట్టింది. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. అతన్నే చూస్తున్నాయి. బయటికి వస్తుంటే గుమ్మంలో ఇంకో నర్సు కసిరింది. ఊపిరాడని వాళ్లున్న చోటికి ఈ కంపుతో మళ్లీ అడుగు పెట్టావో పాసు తీసేస్తామంది.

కొట్టు దూరం. ఇల్లు ఇంకా దూరం. తమ్ముడి హోటలు వెనక వీధిలోనే. మర్నాటి నుంచి పనివాళ్ల స్నానాల గదిలో హోటలు సబ్బుతో ఒళ్లు తోముకుని, తమ్ముడు అక్కడ దాచుకున్న చొక్కా తొడుక్కుని వెళ్లేవాడు. అయినా కంపు పోలేదేమోనని అనుమానపడితే తమ్ముడే మెడ మీద సెంటు కొట్టేవాడు. "ఇన్నాళ్లకు మనిషి వాసన కొడుతున్నావు అన్నయ్యా" అని నవ్వేవాడు.

ముక్కలు నిజమే. కుట్టే తేడా. కట్టినవాడూ తనే, కాళ్లు రుద్దినవాడూ తనే. ఒకే మనిషిని రెండుగా చింపి, పనికొచ్చే సగం ఆమె తమ్ముడి మీద కుట్టుకుంది.

బయటివాళ్ల ముందు ఇంటి సంగతి విప్పే అలవాటు అతనికి లేదు. నోరు మూసుకున్నాడు.

ఊపిరి పరీక్షకు ఆమెను లోపలికి తీసుకెళ్లారు. అన్నదమ్ములిద్దరూ మెట్ల దగ్గర మిగిలారు. ఒకడు పై మెట్టు మీద, ఒకడు కింది మెట్టు మీద.

"ఆ చొక్కా నీదే కదరా," అన్నాడు అన్న.

తమ్ముడు చొక్కా చేతి గుండీ తిప్పుకున్నాడు. "ఊఁ."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"వదిన మొదటిసారి చెప్పినరోజే. చొక్కా మాట రాగానే తెలిసింది."

"మరి నోరు పెగల్లేదేం?"

మొదట్లో వదిన నీరసంగా ఉందని ఊరుకున్నానన్నాడు తమ్ముడు. ఆమె చెబుతుంటే కాదని ఎలా అనడం అన్నాడు. తనసలు ఆ వార్డు గుమ్మం కూడా ఎక్కలేదని, లోపలి యంత్రాల చప్పుడు వినగానే మెట్ల దగ్గరే ఆగిపోయేవాణ్నని చెప్పాడు. ఆ తర్వాత ఆగాడు.

"తర్వాత?" అన్నాడు అన్న.

"తర్వాత బాగుంది అన్నయ్యా." తమ్ముడి గొంతు చిన్నబోయింది. "రోజూ వచ్చేపోయేవాళ్లకు నవ్వుతూ తాళాలిస్తాను. మెట్లు దిగేసరికి నా మొహం మరిచిపోతారు. వదిన నేను వస్తుంటే లేచి కూర్చుంటుంది. నన్నెవరూ అలా చూడలేదు ఇంతవరకు. నీకు ఇల్లుంది, మనిషి ఉంది. ఈ ఒక్కటీ నా దగ్గరుంటే నీకేం తగ్గింది అనుకున్నా."

"అది నాది."

"నీదే. ఎప్పుడు వాడావు గనక?"

అతని చెయ్యి లేచింది. అక్కడే ఆగింది.

"వదిన చెప్పింది," అన్నాడు తమ్ముడు, వెనక్కి జరగకుండానే. "లోపల ఆ మనిషి ఏమేం అన్నాడో అంతా చెప్పింది. అవి నీ మాటలంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో ఒక్కసారి అన్నావా అన్నయ్యా అలాంటిది?"

అతను చెయ్యి దించాడు. ఆ మాటలు తనవీ, ఆమెవీ. ఆమె కళ్లు మూతపడి ఉన్నాయని, వినదని అనుకుని అన్నవి. అవి ఇప్పుడు వీడి నోట్లో ఉన్నాయి. చొక్కా ఇచ్చి మాట తీసుకున్నాడు. కొట్టినా తిరిగి రావు.

"ఇంటికి వచ్చి నువ్వే చెప్పు. నేను కాదు, అన్నయ్యే అని. ఆవిడ సంచీ ఎత్తకముందే," అన్నాడు.

తమ్ముడు సరేనన్నాడు.

మాట తప్పలేదు. ఇంటికి చేరి ఆమె మంచం మీద వాలగానే, నిలబడే చెప్పేశాడు. చొక్కా సంగతి, సబ్బు సంగతి, సెంటు సంగతి, తను మెట్ల దగ్గర ఆగిపోయిన సంగతి. ఒక్కటీ దాచలేదు. అత్తగారు మడుస్తున్న దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

ఆమె చివరిదాకా విన్నది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మీరా?"

"నేనే."

"మరి నా చేతులు కట్టింది?"

ఇక్కడ అబద్ధం ఆడొచ్చు. నర్సులు కట్టారంటే సరిపోతుంది, సగం నిజం కూడా. అతనికి ఆ సంగతి తోచింది. తోసేశాడు.

"పట్టుకుంది నేను. కట్టింది వాళ్లు. పట్టుకోకపోతే నువ్వు లేవు."

ఆమె కాళ్లు లోపలికి ముడుచుకుంది. వంటింట్లో పాలు పొంగిన చప్పుడైనా అత్తగారు కదల్లేదు.

తర్వాత ఆమె అన్నది తల్లితో. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలి తమ్ముడి మీద.

"చూశావా అమ్మా దొరని. అన్న కాపురం నిలబెట్టడానికి, తను చేసిన మంచి కూడా తీసి అన్నకే ఇచ్చేస్తున్నాడు."

అత్తగారు ముక్కు చీదింది. ఈ కాలంలో ఇలాంటి మరిది ఎవరికి దొరుకుతాడంది.

దొరకు నిలువునా చెమట పట్టింది. "కాదు వదినా, నిజంగానే..." అంటే, ఆమె వినలేదు. వాడు ఎంత వద్దంటే అంత ఎత్తుకు ఎత్తుతోంది. అతను చూస్తూ నిలబడ్డాడు. ఇంతకాలం వాడు నోరు మూసుకున్నందుకు పెద్దవాడయ్యాడు. ఇప్పుడు నోరు తెరిచినందుకు ఇంకా పెద్దవాడయ్యాడు. తనేం చేసినా తన వంతుకు మిగిలేది వార్నిష్ కంపే.

"ఇద్దరూ దారిలో మాట్లాడుకుని వచ్చారు. లేకపోతే ఈ మనిషి..." ఆమె మొగుడి వైపు చూపించింది, మొగుడని అనడానికి కూడా అలసిపోయినట్టు. "ఈయన అలా మాట్లాడరమ్మా. ఈయన మాట నాకు తెలియదా? ఉప్పు ఎక్కువైందంటారు. తలుపు వెయ్యమంటారు. అంతే."

"అడిగి చూడు," అన్నాడు తమ్ముడు. "ఆ మాట ఏమిటో అన్నయ్యనే అడుగు."

ఆమె ఆలోచించింది. దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది.

"ఆ మనిషి రోజూ వెళ్లేముందు నా చెవిలో ఒకటే చెప్పేవాడు," అంది. "మీరే అయితే అదేమిటో చెప్పండి. చెబితే సంచీ విప్పేస్తాను. ఎక్కడికీ వెళ్లను."

అతనికి తెలుసు. ఎలా తెలియదు? 'లేచి నన్ను తిట్టు. ఇంట్లో చప్పుడు లేదు. నాకు భయంగా ఉంది.' అంతే. చిన్నప్పటి నుంచి ఎవరితోనూ అనని ముక్క, భయంగా ఉందని. గొట్టాల మధ్య, గౌను కింద, పరాయి చొక్కాలో ఉండబట్టి నోరు దాటింది.

మూడు చిన్న మాటలు. అంటే ఆమె ఉంటుంది. తన పక్క వసారాలోంచి మళ్లీ లోపలికి వస్తుంది. పెదవులు విడివడ్డాయి కూడా.

అప్పుడు తమ్ముడు కనిపించాడు. మంచం అవతల నిలబడి, బళ్లో పాఠం మరిచిన పిల్లాడికి అందించినట్టు, పెదాలు మెల్లగా కదిలిస్తున్నాడు. చప్పుడు లేకుండా. మొదటి మాట. రెండో మాట. ఒక్కటీ తప్పులేదు. మంచికే చేస్తున్నాడు వాడు. ఆమె వాడి వైపు తిరగలేదు, అత్తగారు చూడలేదు. చూసింది తనొక్కడే.

తన భయం తమ్ముడి పెదాల మీద ఆడుతోంది. ఇప్పుడు తను చెబితే అది వాడు అందించిన మాట. చెప్పకపోతే వాడి మాట. ఎలా చూసినా వాడిదే.

ఇంకోటి కూడా ఉంది. అంత మత్తులోనూ సెంటును పోల్చుకుంది, చొక్కాను పోల్చుకుంది. తన చేతిని మాత్రం పోల్చుకోలేదు. పోల్చుకోని మనిషి ముందు నిలబడి పాఠం అప్పజెప్పాలా? తప్పా ఒప్పా అని అత్తగారు, తమ్ముడు మార్కులు వెయ్యాలా?

అతను నోరు మూశాడు.

"చెప్పను," అన్నాడు.

బిగ్గరగా అనలేదు. ఐసీయూలో ఆమె చెవి దగ్గర వంగి చెప్పినట్టే, లోగొంతుకతో బొంగురుగా వచ్చింది.

ఆమె వేలికి చుట్టుకున్న దుప్పటి అంచు జారిపోయింది. తల ఎత్తింది. చాలా దూరం నుంచి ఎవరో పిలిస్తే ఎటువైపో తెలియక చూసినట్టు చూసింది.

"ఏవండీ," అంది. "ఇంకోసారి అనండి."

అత్తగారు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఒళ్లు ముందుకు వంచింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అతని వైపు ఒరగడం అదే మొదలు. "ఏదైనా సరే. ఊరికే మాట్లాడండి. నేను వింటాను."

అతను గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకున్నాడు. ఎంత ఆలస్యమైనా కొట్టు తెరవాలి. తలుపు రెక్క పట్టుకుని, లోపలికి చూడకుండా అన్నాడు:

"ఉంటే ఉండు, పోతే పో. ఆ గదిలో కూర్చున్నది ఎవరో, ఏమన్నాడో, నన్ను అడగొద్దు. నువ్వే కాదు, ఎవరూ అడగొద్దు. ఆ ఊసు ఇక నా నోట రాదు. నేను చచ్చేదాకా రాదు."